కదలని ట్యాంకు

మిరప ఏరే రోజుల్లో నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో పొద్దు పొడవకముందే పికప్ బండ్ల హారన్లు మోగుతాయి. సద్దిగిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు సందుల్లోంచి వస్తారు. బస్తాలు వేసే ట్రాలీలోకి ఒకరి చెయ్యి ఒకరు అందుకుని ఎక్కుతారు, నవ్వుకుంటారు. రోడ్డు మీద ఆ బండి ఎదురైతే మనం కాస్త పక్కకు జరిగి మన దారిన పోతాం. అందులో తప్పేముందో మనకు తట్టదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కదా!

కుమారస్వామికీ తట్టలేదు.

అతనికి సొంత పికప్ ఉంది. ఎనుమాముల మార్కెట్లో వ్యాపారులు కొన్న మిర్చిని నాగపూర్ దాకా చేరవేస్తాడు. మధ్యలో ఖాళీ దొరికినప్పుడు చేల యజమానులిచ్చే కిరాయికి ఊరి ఆడవాళ్లను కూలికి చేల దగ్గర దింపి వస్తాడు. ఒకసారి దారిలో పోయించుకున్న కల్తీ డీజిల్ వల్ల ఇంజన్ చెడిపోయి, అడవి మధ్యలో సరుకుతో సహా చిక్కుకుపోయాడు. అప్పటి నుంచి, తనకు నమ్మకమున్న బంకులోనే రానూపోనూ సరిపడా డీజిల్ నింపుకుని పోయి రావాలన్నది అతని కోరిక. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకుని, వరంగల్‌లో భానుచందర్ అనే మెకానిక్ షెడ్డులో బండికి రెండో డీజిల్ ట్యాంకు పెట్టించాడు.

"అన్నా, నిండిన ట్యాంకంటే ఉత్త డబ్బ కాదు," అన్నాడు భానుచందర్. "నువ్వు బ్రేక్ కొడితే బండి ఆగుతది గని లోపలి డీజిల్ ఆగది. ముందుకు ఉరుకుతది. మంచిగ బిగియ్యకుంటే క్యాబిన్‌ను గుద్దుకొని నీ వీపు మీదికే వస్తది."

"అయితే గట్టిగ బిగియ్యి తమ్మీ. ఖర్చుకు వెనకాడకు."

క్యాబిన్ వెనకే ట్రాలీలో కొలతలు తీసి, కింద మందపాటి రబ్బరు వేసి, లావు బోల్టులు దింపి, పైన ఇనుప పట్టీలు చుట్టారు. కుమారస్వామి భుజం ఆనించి తోసి చూశాడు. ట్యాంకు వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"ఇగ ఫికర్ లేదు," అన్నాడు తృప్తిగా.

"వెనకాల మనుషులను ఎక్కియ్యకు మరి. ఇది సరుకు బండి."

"పరాయోళ్లు కాదు తమ్మీ, మా ఊరోళ్లే. గా చెల్క దాక పోతరు, అంతే," అని నవ్వేశాడు కుమారస్వామి.

మర్నాడు పొద్దున్నే కూలీలు బండి ఎక్కారు. వాళ్లలో అతని భార్య అనసూయ కూడా ఉంది. కూలీల జట్టుకు పెద్ద చిలుకమ్మ ట్రాలీలోకి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది కుమారసామీ, సగం జాగ ఈ డబ్బే తిన్నది. మేమెట్ల కూసోవాలె?"

"జర సర్దుకోండ్రి చిన్నమ్మా. దాని మీదికి మాత్రం ఎక్కకుండ్రి, మూత ఊడుతది."

"మరి దేన్ని పట్టుకోవాలె? అడ్డంగ ఒక తాడన్న కట్టు బిడ్డా."

"రేపు కడత తియ్యి."

లోపల చోటు చాలక సమ్మమ్మ పక్క రేకు అంచు మీద కూర్చుంది. కుమారస్వామి ఆమెను అక్కా అని పిలుస్తాడు. భర్త పోయాక కూలి చేసి బిడ్డను హసన్‌పర్తిలో కాలేజీ చదివిస్తోంది. "నాకిక్కడ్నే గాలి మంచిగొస్తది," అని ఆమే అన్నది.

బండి కదిలిందో లేదో చేను యజమాని మల్లికార్జున్ ఫోన్ చేశాడు. "ఎండెక్కినంక ఏరితే ఏం లాభం? జల్ది తీస్కరా!" కుమారస్వామికీ తొందరగానే ఉంది. వీళ్లను దింపి ఎనుమాములలో లోడు ఎత్తుకోవాలి. జిన్నింగు మిల్లు దగ్గర మలుపులో పక్క బాట నుంచి పత్తి ట్రాక్టరు ఒక్కసారిగా రోడ్డెక్కింది. అతను ఉన్న బలమంతా పెట్టి బ్రేక్ తొక్కాడు. రెండు బండ్ల మధ్య జానెడు సందు మిగిలింది. ఎవరినీ ఎవరూ గుద్దుకోలేదు. బండికి చిన్న గీత కూడా పడలేదు.

అతను దిగి వెనక్కి పరుగెత్తాడు. రెండు చేతులూ చాచి ట్యాంకును తడిమాడు. వంగి కింద చుక్క కారుతోందేమో చూశాడు. కారడం లేదు. "హమ్మయ్య!" అన్నాడు.

అప్పుడు వినబడింది మూలుగు.

ట్రాలీలో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. సద్దిగిన్నెలు దొర్లి అన్నం చిందింది. సమ్మమ్మ అంచు మీది నుంచి ఎగిరి రోడ్డు మీద పడింది. అప్పటికే కిందికి దూకిన అనసూయ ఆమె తలను ఒడిలో పెట్టుకుని ఉంది. కానీ ఆమె చూపు సమ్మమ్మ మీద లేదు, భర్త చేతుల మీద ఉంది. ఆ చేతులింకా ట్యాంకు మీదే ఉన్నాయి.

అంబులెన్సులో సమ్మమ్మను వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తుంటి ఎముక, నడుములో ఒక వెన్నుపూస విరిగాయన్నారు. కేసు రాసుకోవడానికి వచ్చిన ఎస్సై ఒక మాట చెప్పి పోయాడు. సరుకు బండిలో ఎక్కిన కూలీలకు బీమా దొరకడం కష్టమట. సాయంత్రానికి కూతురు అక్షర కాలేజీ నుంచి పరుగున వచ్చింది. ఏడవలేదు. తల్లి మంచం పక్కన నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మామా, మా అమ్మ దేన్ని పట్టుకొని కూసున్నది?"

కుమారస్వామి మందుల చీటీ అందుకుని బయటికి నడిచాడు.

కొన్నాళ్లకు ఇంట్లో అన్నం వడ్డిస్తూ అనసూయ అన్నది: "నువ్వు కావాలని చేసినవని నేనంటలేను. కని ఆ బండిల నేను గూడ ఉన్న. నేను బతికిన్ననో సచ్చిన్ననో చూడకముందే డబ్బను చూసినవ్."

కుమారస్వామి ముద్దను పళ్లెంలోనే వదిలేశాడు. లేచి బండి తీసుకుని భానుచందర్ షెడ్డుకు పోయాడు. "పీకెయ్యి తమ్మీ. ఈ ట్యాంకు నాకద్దు."

భానుచందర్ పానా అందుకోలేదు. "ట్యాంకు ఏం జేసిందన్నా? దాన్ని పెట్టిన జాగల అది ఉన్నది. మనుషులను పెట్టరాని జాగల పెట్టినం, అదీ తప్పు."

కాయ చెట్టు మీద ఆగదు కదా! మల్లికార్జున్ ఇంకో పికప్ మాట్లాడుకుని ఊళ్లోకి వచ్చాడు. కొందరు ఆడవాళ్లు అప్పుడే ఎక్కేశారు. చిలుకమ్మ మాత్రం ఎక్కలేదు.

"ఆటోలన్న పెట్టు, సీట్లున్న బండన్న తే. దీంట్ల మేం రాం పటేలా."

"కాయ రాలిపోతాంది చిలుకమ్మా. ఆటోలు పెడితే నాకేం మిగులుతది?"

"నీకు మిగిలేది మా నడుములు ఇరిగితేనే మిగులాల్నా?"

మల్లికార్జున్ తల తిప్పుకున్నాడు. అంతవరకూ దూరంగా నిలబడ్డ కుమారస్వామి ముందుకు వచ్చాడు.

"దిగుండ్రి అవ్వా, మీకు దండం పెడత. డీజిల్ కదలొద్దని నేను కొలతలు తీసిన, బోల్టులు కొట్టిచ్చిన, పట్టీలు సుట్టిచ్చిన. మా అక్కకు తాడు కట్టుమంటె రేపన్న. నా కండ్లకు ఆమె బస్తా లెక్కనన్న కనవడలే. బస్తానైతే తాడేసి కట్టకపోదునా?"

రమ అనే పిల్లతల్లి దిగింది. ఆమె వెనకే మరో ఇద్దరు దిగారు. మిగిలినవాళ్లు తలలు వంచుకుని అలాగే కూర్చున్నారు. ఆ పూట కూలి పోతే వాళ్లకు గడవదు. బండి వాళ్లను తీసుకుని వెళ్లిపోయింది. చిలుకమ్మ వాళ్లను ఒక్క మాట కూడా అనలేదు. "ఎక్కినోళ్లది తప్పు కాదు, వాళ్లకు ఇంకో తొవ్వ లేదు," అని మాత్రం అన్నది.

సమ్మమ్మ ఇప్పుడు కర్ర సాయంతో వాకిలి దాకా నడుస్తోంది. వంగి మిరపకాయ కోసే రోజు మళ్లీ వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. అక్షర సెలవు రోజుల్లో తల్లికి బదులు కూలికి పోతోంది, ఊళ్లో బస్సెక్కి, దిగిన చోటు నుంచి నడిచి.

చదువుతున్న మీరు రేపు పొద్దున అలాంటి బండి ఎదురైతే పక్కకు జరిగి ఊరుకోకండి. కూలి ఇచ్చేవాళ్లైతే కూర్చునే బండి పంపండి, బండి ఉన్నవాళ్లైతే సరుకు బండిలో మనిషిని ఎక్కించనని గట్టిగా చెప్పండి. మనిషికి చోటు లేని బండిలో మనిషిని ఎక్కించుకోవడం సాయం కాదు, ఆ మనిషి గతిలేనితనాన్ని కిరాయికి తిప్పుకోవడం.