ఆమెన్ తర్వాతి మాట

మస్తానమ్మ సూపర్ హీరో అని చెబితే ఆమె ఇంటికి పాలు పోసే మనిషి కూడా నమ్మడు. నలభై రెండేళ్లు, ముతక చీర, రెండు చెవుల్లోనూ ఉండలు చుట్టి కుక్కిన దూది. గాల్లో ఎగరడం రాదు, గోడలు పగలగొట్టడం రాదు. వినడం వచ్చు, అంతే. అయితే అది మామూలు వినడం కాదు. దూది తీసి కూర్చుంటే, నాలుగు వందల మైళ్ల అవతల సముద్రం మధ్యలో ఎవరైనా దగ్గితే, అది పొడి దగ్గో కఫం దగ్గో చెప్పేస్తుంది.

ఇంత శక్తి ఉన్న మనిషి ఎలా బతుకుతోందని మాత్రం ఎవరూ అడగరు. పెళ్లయిన ఏడాదికే మొగుడు వెళ్లిపోయాడు. పక్క ఊళ్లో తాను అన్న మాట ఇంటికొచ్చేసరికే పెళ్లానికి తెలిసిపోతుంటే ఏ మగాడు నిలుస్తాడు? చిట్టమూరులో పుట్టింటివాళ్లు ఆమె గడప తొక్కితే గొంతు తగ్గించేవారు, పోనుపోను మాట్లాడటమే మానేశారు. నెల్లూరులో ఉందామంటే ఆటోల హారన్లకు చెవుల్లోంచి రక్తం కారింది. ఆఖరికి బోర్డు కూడా లేని ఒక సర్కారు ఆఫీసు ఆమెను వెతికి పట్టుకుని, సముద్రపు ఒడ్డున సరుగుడు తోట మధ్య ఒంటి ఇల్లు చూపించి, ఇక్కడ కూర్చుని విను అంది.

వినవలసింది ఒక్క మనిషిని. పేరు హెబ్రోను. ఆ ఆఫీసు పంపిన గూఢచారే. శత్రుదేశం వాళ్లకు దొరికిపోయి, ఒక దీవి మీద వాళ్ల నౌకాదళ స్థావరంలో రెండేళ్లుగా బందీగా ఉన్నాడు. ప్రాణంతో ఉన్నాడా, నోరు విప్పాడా అన్నది ఆమె రోజూ ఫోన్లో మెసేజ్ పెట్టాలి. అధికారి రంగనాయకులు అంతకుమించి ఏమీ అడిగేవాడు కాదు.

హెబ్రోను తనలో తాను మాట్లాడుకునేవాడు. "మొలగొలుకుల బియ్యం తిన్న నోటికి ఇదొక అన్నమా" అని కంచం పక్కకు నెట్టిన చప్పుడు వినబడితే మస్తానమ్మ ఒక్కతే నవ్వుకునేది. అతను తినే వేళకే తనూ కంచం ముందు కూర్చోవడం అలవాటు చేసుకుంది. అతనికి జ్వరం వస్తే ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఆమె ఎరిగిన మనుషుల్లో ఆమెను చూసి గొంతు తగ్గించనివాడు అతనొక్కడే. ఆమె ఒకతి ఉందనే అతనికి తెలియదు కదా.

రోజూ సాయంత్రం ఆరింటికి అక్కడ కాపలా మారేది. అప్పుడతను మెల్లగా ప్రార్థన చేసుకుని ఆమెన్ అనేవాడు. ఆ తర్వాత చాలాసేపు కదిలేవాడు కాదు. గొలుసు కదలదు, బట్ట కదలదు, ఊపిరి ఒక్కటే. ఏడుస్తున్నాడేమో అనుకుంది మొదట్లో. ఏడుపు కాదు. దేనికోసమో ఎదురు చూస్తున్నట్టుండేది. ఆఖరికి ఒక నిట్టూర్పు, గొలుసు చప్పుడు. దేనికోసం చూస్తాడో రెండేళ్లయినా ఆమెకు అంతుపట్టలేదు.

ఒక శుక్రవారం రంగనాయకులు స్వయంగా వచ్చాడు. వెంట ఇద్దరున్నారు. ట్రాక్టరు నడుపుకునే పెంచలప్రసాద్ ఒంటికి తూటా తగిలినా దిగదు. తడ దగ్గర కంపెనీలో పనిచేసే షారన్ ముగ్గురు మనుషుల్ని మోసుకుని గాల్లో పోగలదు. మంగళవారం హెబ్రోనును దీవి నుంచి అవతలి దేశానికి తరలిస్తారట. అక్కడికి పోయినవాళ్లు తిరిగి రారు. కాబట్టి సోమవారం సాయంత్రం ఆరింటికి, కాపలా మారే పది నిమిషాల్లో పట్టుకొచ్చేయాలి.

"గోడ సంగతి నాకొదిలెయ్యండి. అప్పడం మాదిరి తీసేస్తా" అన్నాడు పెంచలప్రసాద్.

"గోడతో కాదబ్బాయ్ చిక్కు, ఆ మనిషితోనే" అంది మస్తానమ్మ. "విడిపించేదానికి వచ్చినామని వాళ్ల మనుషులే రెండుసార్లు నాటకమాడినారు. తెలుగు మాట్లాడేవోళ్లనే పంపినారు. మొదటిసారి ఆ పిచ్చోడు నమ్మి మనవోళ్ల పడవ పేరు చెప్పినాడు. ఆ పడవలో ఉండే ముగ్గురినీ చంపేసినారు. ఇంక ఎవురొచ్చినా గొంతు పగిలేలా అరిచేస్తానని రోజూ గోడకు చెప్పుకుంటా ఉండాడు."

అరిస్తే తుపాకులు లేస్తాయి. తూటాలు పెంచలప్రసాద్‌ని ఏమీ చేయవు, హెబ్రోనును చేస్తాయి. ఇంత శక్తిమంతులు ముగ్గురికీ ఒక మనిషిని నమ్మించడం ఎలాగో తెలియలేదు. వాళ్లమ్మ పేరు చెబితే? అదీ శత్రువులు వాడేశారు. చిన్నప్పటి ముద్దు పేరు? అదీ అయిపోయింది.

"వాళ్లమ్మను అడిగొస్తా" అంది మస్తానమ్మ.

"వద్దు. ఆమెకు కొడుకు సముద్రంలో పోయినాడని చెప్పుండాం" అన్నాడు రంగనాయకులు, ఏదో తాలూకా ఆఫీసులో సర్టిఫికెట్ లేదన్నంత తేలిగ్గా. మస్తానమ్మకు ఒళ్లు మండింది. ఆదివారం పొద్దున్నే చెవుల్లో దూది రెట్టింపు కుక్కుకుని బస్సెక్కింది.

ఉప్పుటేరు పక్కన చిన్న పల్లె, రేకుల చర్చి. ఆమె చివరి వరసలో చాప మీద కూర్చుంది. ప్రార్థన మొదలవగానే అందరూ కళ్లు మూసుకున్నారు, ఒక్క ముసలామె తప్ప. ఆమె గుమ్మంలో నిలబడి, జనానికి వీపు పెట్టి, ఏటి వైపు కన్నార్పకుండా చూస్తోంది. ఆమెన్ అన్నారు. ఎవరూ కళ్లు తెరవలేదు. చంటిపిల్లలు కూడా.

"నీళ్లు దూరంగానే ఉండాయి. కళ్లు తెరవండి" అంది ముసలామె.

అప్పుడు గాని చాపల మీద మనుషులు కదల్లేదు.

ఆ ముసలామే రెబెక్కమ్మ, హెబ్రోను తల్లి. ఆరాధన అయ్యాక, ఏందమ్మా ఈ అలవాటని అడిగితే చెప్పింది. "మా నాయన కాలంలో తుపానొచ్చినప్పుడు అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండారు. ఏరు పొంగి లోపలికొచ్చేసింది. పదకొండు మంది పోయినారు. అప్పట్నుంచీ ఒకరు కళ్లు తెరుచుకుని కాపలా ఉండాల్సిందే. వాళ్లు చెప్పిందాకా మిగతావోళ్లు తెరవకూడదు. ఇంట్లోనూ అంతే. మా పిల్లోడు నేను చెప్పిందాకా రెప్ప ఎత్తేవోడు కాదు." గుమ్మం వైపు చూపించి, "వాడు పోయినాక ఆ పని ఇంకెవురికీ ఇవ్వలేదు, నేనే నిలబడతా ఉండా" అంది.

బతికే ఉన్నాడమ్మా అనే మాట మస్తానమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. రేపు తీసుకురాలేకపోతే ఈ తల్లి రెండోసారి చావాలి. మాట మింగేసి బస్సెక్కింది. రెండేళ్లుగా ఆ ఎదురుచూపు ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది. కళ్లు తెరువు అని చెప్పే మనిషి కోసం.

సోమవారం షారన్ మస్తానమ్మనూ పెంచలప్రసాద్‌నూ మోసుకెళ్లి దీవి మీద దించింది. ఆరింటికి పెంచలప్రసాద్ చెప్పినట్టే గోడను చప్పుడు కాకుండా ఊడదీశాడు. దారిపొడుగునా గాలి హోరుకు మస్తానమ్మ చెవుల్లో దూది ఎర్రబడింది. లోపల, రెండేళ్లుగా ఒట్టి గొంతుగా మాత్రమే ఆమెకు తెలిసిన మనిషి మూలకు నక్కి నిలబడ్డాడు. ఇంత సన్నగా ఉంటాడని ఆమె అనుకోలేదు.

"మళ్లీ వచ్చినారా?" అన్నాడు హెబ్రోను. "ఈసారి వేషాలు బాగుండాయి." అరవడానికి ఊపిరి పీల్చాడు.

"అరుద్దువుగాని ఉండు" అంది మస్తానమ్మ. "ఆరయింది. ముందు నీ ప్రార్థన చేసుకో."

అతను అయోమయంగా చూశాడు. ప్రార్థన చేసుకోమన్న శత్రువు ఇంతవరకు తగల్లేదు. చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. ఉన్న పది నిమిషాల్లో నాలుగు అయిపోయాయి. షారన్ గోళ్లు కొరుక్కుంటోంది. మస్తానమ్మ అతనికి వీపు తిప్పి, గోడ ఊడిన చోట రెబెక్కమ్మలాగే నిలబడి, సముద్రం వైపు చూసింది.

"ఆమెన్" అన్నాడతను.

"నీళ్లు దూరంగానే ఉండాయి. కళ్లు తెరువు."

వెనక నుంచి ఊపిరి బిగబట్టుకుని ఏడ్చే ఏడుపు వినబడింది. ఆమె తిరిగి చూసేసరికి హెబ్రోను కళ్లు తెరిచి, తనంతట తానే గొలుసున్న చేతులు పెంచలప్రసాద్ ముందుకు చాపాడు.

గాల్లో వస్తుంటే, "నువ్వు మా ఊరి మనిషివా అక్కా?" అని అడిగాడు.

"కాదు. రెండేళ్లుగా నిన్ను వింటా ఉండా."

అతను ఆమె చెవుల్లో ఎర్రబడిన దూది వైపు చూశాడు. "ఎవురూ లేరనుకున్నానే. ఒక్క మాట అనుండకూడదా?"

"నా చెవులే అంత దూరం పోతాయి నాయనా. గొంతు పోదు."

ఒడ్డున జీపు సిద్ధంగా ఉంది. కొత్త పేరు, కొత్త ఊరు, అది ఎక్కడో ఎవరికీ చెప్పరు. "నువ్వు కూడా వినకూడదు" అని రంగనాయకులు మస్తానమ్మకు గట్టిగా చెప్పాడు. జీపు సరుగుడు తోట దాటేదాకా ఆమె చూసి, ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. పోయి ప్రాణం కాపాడి తెచ్చింది, సంతోషించాలి. సంతోషం ఉంది, దాని పక్కనే కూర్చోవడానికి మనిషి లేడు. అన్నం వండుకుంది, ఎవరి వేళకు తినాలో తెలియలేదు.

తర్వాతి ఆదివారం మళ్లీ పల్లెకు పోయి, గుమ్మంలో రెబెక్కమ్మ చెయ్యి పట్టుకుంది. "నీ కొడుకు కళ్లు తెరిచినాడమ్మా" అని చెవిలో అంది. ఇంక ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. రెబెక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ ఏటి వైపు తిరిగింది. ప్రార్థన ఇంకా కాలేదు.

పదకొండు రోజులు మస్తానమ్మ రంగనాయకులు చెప్పిన మాట విని దూది తీయలేదు. పన్నెండో రోజు సాయంత్రం తీసేసింది. ఆఫీసువాళ్లు వచ్చి పట్టుకుపోతే పట్టుకుపోనీ అనుకుంది. అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. బస్సులు, టీవీలు, కుక్కలు, లక్ష గొంతులు. వాటన్నిటి అడుగున ఎక్కడో, తనకు కంఠతా వచ్చిన గొంతు. ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆమెన్ అన్నాడు.

ఈసారి ఎదురుచూపు లేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"నీళ్లు దూరంగానే ఉండాయి అక్కా" అన్నాడు. "కళ్లు తెరువు."

మస్తానమ్మ కళ్లు తెరిచింది.