బీరువా ఎటువైపు?

"రేపు పొద్దున్నే టైల్స్ వెయ్యడానికి మేస్త్రి వస్తాడు. వెనక గది ఖాళీ చేసి పెట్టు. నువ్వెలాగూ ఖాళీయే కదా" అని చెప్పి భర్త బూట్లు తొడుక్కుని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

గదికీ ఆమెకీ ఒకే మాట. ఆమె గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. గది ఎప్పుడు ఖాళీగా ఉంది గనక! కాలు పెట్టే చోటు లేదు. తన పరిస్థితీ అంతే.

ముందు కర్టెన్లు దింపింది. తర్వాత, "నాలుగు రోజులు ఉంచు వదినా" అంటూ ఆడపడుచు వదిలేసి వెళ్లిన గాజు సామాను అట్టపెట్టెలు. ఒక్కొక్కటే రెండు చేతులా పట్టుకుని మోసింది. ఒక్కటి పగిలినా ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఆయన వ్యాయామానికని కొన్న సైకిలు, దాని మీద ఇప్పటిదాకా బట్టలు మాత్రమే ఆరాయి. అత్తగారి ఇనప్పెట్టె. "మెల్లిగా అమ్మా, అసలే నీవి జారుడు చేతులు" అని ఆవిడ హాల్లోంచి, టీవీ మీద చూపు తిప్పకుండానే హెచ్చరించింది. బీరువాని మాత్రం సాయంత్రం ఆయనా పక్కింటాయనా కలిసి హాల్లోకి జరిపారు. ఆ కాస్తకే ఇద్దరూ కాఫీ అడిగారు.

అసలు భయం సామాను గురించి కాదు. వచ్చే సోమవారం నుంచి సాయంత్రాలు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగానికి ఒప్పుకుంది. తలుపు వేసుకునే గది ఉందా అని వాళ్లు అడిగితే ఉందని చెప్పేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. టైల్స్ పడి, సామానంతా మళ్లీ లోపలికి వచ్చేసిందంటే ఆ గది ఇక దక్కదు. భోజనాల దగ్గర అడుగుదామని నోరు తెరిచింది. "ఉప్పు ఇటు జరుపు" అన్నాడు ఆయన. జరిపింది. అడగకుండానే కంచాలు తీసేసింది.

పొద్దున మేస్త్రి గదంతా టేపుతో కొలిచి తల గోక్కున్నాడు.

"నిండు టైల్స్‌తో సరిపోదు సార్. ఒక గోడ వెంబడి కోసిన ముక్కలు పడతాయి. బీరువా ఎటువైపు వస్తుందో చెబితే ముక్కలు దాని కిందికి తోసేస్తా, కనపడవు."

"ఎప్పటిలాగే కిటికీ వైపు" అన్నాడు భర్త, ఫోన్ చూసుకుంటూ.

"సరే, అట్నుంచే మొదలుపెడతా. ఒకసారి అతికాక మార్చడం కుదరదు మరి."

మేస్త్రి సిమెంటు బస్తా మూతి కోశాడు. ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"బీరువా ఈ గదిలోకి రాదు."

భర్త తలెత్తాడు. "మరెక్కడ పెడతావ్, నెత్తి మీదా?"

"మన పడగ్గదిలో. అందులో ఉన్నవన్నీ మీ బట్టలేగా."

"పొద్దున్నే ఇదేం గొడవరా" అని అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. మేస్త్రి చేతిలో తాపీతో ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు.

ఆమె మేస్త్రి వైపు తిరిగింది.

"ముక్కలు తలుపు వెనక్కి వేసెయ్యండి. కిటికీ దగ్గర నిండువే వెయ్యండి. అక్కడ నా కుర్చీ వస్తుంది."