ఇల్లు మారిన తేదీ

ఓరిన్‌కి పన్నుల కాగితాలంటే ఒళ్లుమంట. అయినా ఈ మార్చి శనివారం కోసం క్రిస్మస్ నుంచి కళ్లల్లో వత్తులేసుకుని చూశాడు. ఆ పని మీద లోర్నా వస్తుంది మరి. కట్టుకున్న పెళ్లాన్ని చూడటానికి పన్నుల వంక కావలసి రావడం కంటే చోద్యం ఏముంటుంది!

లోర్నా నర్సు. కిందటి జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రం వదిలి, పక్కనున్న పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో చేరింది. ఉద్యోగమన్నది పైకి చెప్పిన మాట. పాతికేళ్ల కాపురంలో మొగుడి నోట ఒక్క ముద్దు మాట రాబట్టలేక విసిగిపోయి వెళ్లింది. వెళ్తున్నానంటే ఓరిన్ మారు మాట్లాడకుండా పెట్టెలు మోసుకెళ్లి కారులో పెట్టాడు. అది మర్యాద అనుకున్నాడు, మొద్దు. ఆగమంటాడేమోనని ఆమె కారు దగ్గర చాలాసేపు నిలబడింది.

ఊళ్లో సగం మందికి పన్నుల లెక్కలు రాసిపెట్టేది విల్మా. ఆవిడ వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

“చూడమ్మా లోర్నా, అక్కడికి పనికోసం వెళ్లావా, ఇల్లే మారావా? ఇల్లు ఇక్కడే అంటే ఏడాదంతా న్యూయార్క్ మనిషివే. మారానంటే రెండు రాష్ట్రాలకీ చెరికొంత పన్ను కట్టాలి. ఏది రాయను?”

ఇన్నాళ్లూ ఓరిన్ గొంతు దాటని ప్రశ్న అది.

“డ్రైవింగ్ లైసెన్సు?” అంది విల్మా.

“అక్కడిదే.”

“ఓటు?”

“అక్కడికే మార్పించుకున్నా.”

“మీ అమ్మ కుట్టిన బొంత?”

“అది కూడా కావాలా పన్నుల వాళ్లకి?”

“ఎందుకు వద్దు? ప్రాణంగా చూసుకునే వస్తువు ఎక్కడుంటే మనిషి ఇల్లు అక్కడే అంటారు.”

లోర్నా తల దించుకుంది. “అక్కడే ఉంది.”

ఓరిన్ కాఫీ కప్పు పక్కకి జరిపేశాడు.

“అయితే మారినట్టే. తేదీ?”

“జూన్ తొమ్మిది,” అన్నాడు ఓరిన్, లోర్నా నోరు తెరిచేలోగా. “ఆ రోజు ఆగమని అడగాల్సింది. నోరు రాలేదు. ఇప్పుడు అడుగుతున్నా. వచ్చెయ్, లోర్నా.”

“పన్నులు రాసుకునే చోటా ఈ మాట అనడం?” అంది లోర్నా. కళ్లు మాత్రం నిండాయి.

“ఇంకెక్కడ దొరుకుతావు నువ్వు?”

విల్మా తుడిచిన కళ్లజోడునే మళ్లీ తుడుస్తూ కూర్చుంది. కాసేపటికి లోర్నా ఆవిడ వైపు తిరిగింది.

“విల్మా గారూ, ఈ ఏడు మధ్యలో మళ్లీ ఇల్లు మారితే?”

“వచ్చే మార్చిలో కూడా ఈ రెండు రాష్ట్రాల తంటా తప్పదు. నీకూ, నాకూ.”

“పడదాం లెండి,” అంది లోర్నా. “అక్కడి ఇంటి అద్దె గడువు జూన్ దాకానే.”

ఓరిన్ బల్ల మీదుగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సంతకానికి విల్మా పెన్ను అందించినా వదల్లేదు.