సొర కూరగాయే

మాదాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో కూర్చుని ఒక ఆఫీసువారు సముద్రాన్ని ఉద్ధరిస్తున్నారు. వలలో పడ్డవాటి పేర్లు బోటువాళ్ళు ఫోనులో చెబితే చాలు, వీళ్ళ యాప్ లెక్క కట్టేస్తుంది. రొయ్యల వలల్లో పొరపాటున చిక్కి చచ్చే సొరచేపలెన్నో తేల్చడం దాని పని. ఆరు నెలలకు అది తేల్చింది సున్నా. మేనేజరు రోహిత్ కేకు కోశాడు.

కాకినాడ నుంచి వచ్చి అక్కడ లెక్కలు సరిచూసే కిరణ్మయి ఆ కేకు ముట్టలేదు. ఆమె బోటువాళ్ళ మాటలు స్వయంగా విన్నది. వాళ్ళు సొరచేప అనరు, సొర అంటారు. యాప్ దాన్ని సొరకాయ అనుకుని నాలుగు వందల పన్నెండింటిని కూరగాయల్లో కలిపేసింది. నడిసముద్రంలో సొరపాదు ఎక్కడిదని ఒక్క పెద్దమనిషీ అడగలేదు!

లెక్క సరైనదేనని ఆమె సంతకం పెడితేనే ఉద్యోగం పర్మనెంటు. సొరంటే చేపండీ అని నెల రోజులుగా మొత్తుకుంటూనే ఉంది.

"లక్ష మాటలు నేర్పినం దానికి. నీకంటే దానికే తెలుగు మంచిగొస్తది," అని నవ్వాడు రోహిత్. "బుధవారం రొయ్యలు కొనే విదేశీయులొస్తరు, సొరచేపలు చావలేదంటేనే కొంటరు. గా సొర కూర మీ ఇంట్ల వండించి తే. మన బోట్లల్ల ఏం తింటరో చూపిద్దాం."

నిజాంపేట ఇంట్లో వాళ్ళమ్మ కనకలక్ష్మి సొరచేపను ఉడికించి పొడిపొడిగా చిదిమి, అల్లం వెల్లుల్లి దట్టించి సొర పుట్టు చేసిచ్చింది. బుధవారం అతిథుల ముందు, గుడ్డు కూడా ముట్టని రోహిత్ మొదటి ముద్ద ఎత్తాడు. చూస్తూ ఊరుకోలేక కిరణ్మయి అతని చెయ్యి పట్టుకుంది.

"తినకండి. అది చేప."

రోహిత్ కుర్చీ తన్నేసి లేచి, మూడుసార్లు చేతులు కడుక్కొచ్చాడు.

"ముందుగాల చెప్పొద్దా!"

"నెల నుంచి చెబుతూనే ఉన్నానండి."

సాయంత్రానికి సవరణ వచ్చింది. ఆఫీసు భోజనాల జాబితాలో సొర పక్కన మాంసాహారం అని చేర్చారు. యాప్‌లో మాత్రం అది కూరగాయే. అయ్యగారి పళ్ళెంలోకొస్తే చేప, సముద్రంలో చస్తే సొరకాయ! కిరణ్మయికి ఒళ్ళు మండిపోయింది. తను సంతకం పెట్టాల్సిన లెక్క కాగితం మీద సున్నా కొట్టేసి, సొరచేపలు 412 అని రాసి, సంతకం పెట్టి నేరుగా కొనుగోలుదారులకే పంపింది.

మర్నాడు గేటు దగ్గర ఆమె కార్డు పనిచెయ్యలేదు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు సెక్యూరిటీ చంద్రయ్య.

"ఏం లేదండి, నాకు తెలుగొచ్చని తెలిసిపోయింది."