ఆర్డిస్ నానమ్మ గంట

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మైలో హౌగెన్ ఆడే చోట ఆడేవాడి పేరు మైకులో వినపడిందంటే ఏదో తప్పు చేశాడనే అర్థం. బంతి విసిరే తన జట్టువాడికి కాపుగా నిలబడి, మీదికొచ్చేవాళ్ళను నెట్టెయ్యడం అతని పని. నెట్టొచ్చు గానీ చొక్కా పట్టుకుని లాగకూడదు. లాగితే రెఫరీ పసుపు గుడ్డ విసురుతాడు, అప్పుడు విసిరిన బంతి లెక్కలోకి రాదు.

మిగతా కాలేజీల్లో నంబరు చెప్పి ఊరుకుంటారు. ఇక్కడ మైకు పట్టేది సంగీతం మాస్టారు లిండ్‌గ్రెన్ గారు. పిల్లల్ని నంబర్లతో పిలవడం ఆయనకు గిట్టదు. "చొక్కా పట్టుకున్నది మైలో హౌగెన్, మన ఊరి అబ్బాయి" అని పెళ్ళిలో చదివింపులు చదివినట్టు చదివేవారు.

కాసేపటికి స్టాండులో ఆర్డిస్ నానమ్మ లేచి, పాత ఆవు మెడగంట గణగణా వాయించేది. మనవడేదో ఘనకార్యం చేశాడనుకుంటోందని ఊరంతా నవ్వు ఆపుకునేది. మిన్నెసోటా వాళ్ళ మొహమాటం మరి! ఆవిడకు నిజం చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు, మైలోకి అసలే లేదు.

ఆ ఏడు జట్టు వానలో ఓడింది, ఎండలో ఓడింది. బస్సు చెడిపోయి ఆలస్యంగా దిగిన జట్టు చేతిలో కూడా ఓడింది. నవంబరులో చివరి ఆట మిగిలింది, మైలో కాలేజీకి ఆడే ఆఖరి ఆట కూడా అదే.

"ఇవాళొక్కరోజు నా పేరు మైకులో రాకూడదురా," అన్నాడు టెడ్డీతో. "నానమ్మను చూసి ఎవరూ నవ్వకూడదు."

టెడ్డీ బంతి విసిరేవాడు, మొదటి ఏడాది కుర్రాడు, గట్టిగా తోస్తే పడిపోయే మనిషి. "మరి గెలవడం?" అన్నాడు.

"అత్యాశకు పోకు."

తీరా చూస్తే చివరి బంతికి గెలుపు అందేంత దూరంలోకి వచ్చింది. అంతవరకూ మైలో పేరు వినపడలేదు. టెడ్డీ బంతి విసరబోతున్నాడు. ఒక భారీ మనిషి మైలోను తప్పించుకుని టెడ్డీ వీపు మీదికి దూసుకెళ్ళాడు. టెడ్డీ చూడలేదు. మైలో ఆలోచించలేదు, చెయ్యి చాచి ఆ చొక్కా పట్టుకున్నాడు.

బంతి వెళ్ళి అవతలి గీత దాటి మనవాడి చేతుల్లో పడింది. ఊరు ఊరంతా గంతులేసింది. ఆ తర్వాత అందరికీ పసుపు గుడ్డ కనిపించింది.

"చొక్కా పట్టుకున్నది..." అన్నారు లిండ్‌గ్రెన్ గారు. "మైలో హౌగెన్, మన ఊరి అబ్బాయి."

టైము అయిపోయింది. గెలుపు పోయింది. ఆ నిశ్శబ్దంలో గంట గణగణా మోగింది. మైలోకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

నానమ్మ కంబళి కప్పుకుని మైదానంలోకి దిగింది.

"నానమ్మా, అది మెచ్చుకోవడం కాదే. తప్పు చేస్తేనే నా పేరు చదువుతారు. నా వల్లే ఓడిపోయాం."

"తెలుసురా, వెర్రివాడా. మీ తాత ఆడింది కూడా ఇదే చోట. పసుపు గుడ్డంటే తెలియకుండానే ఆయనతో కాపురం చేశాననుకున్నావా?"

"మరి గంట ఎందుకు కొడతావు?"

"నువ్వు పట్టుకోకపోతే వెనకున్న పిల్లాడి గతేంటి? వాడు నిక్షేపంగా నిలబడి ఉన్నాడా లేదా అని చూస్తా. నిలబడితేనే కొడతా."

పక్కనే నిలబడ్డ టెడ్డీ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఆర్డిస్ నానమ్మా, ఇలా ఇవ్వండి," అని గంట అందుకుని, ఎంత గట్టిగా ఊపాడంటే లోపలి నాలుక ఊడి మంచులో పడింది. ఓడిన జట్టంతా నవ్వుతూ మోకాళ్ళ మీద పడి వెతకసాగింది. ఇంటిదారి పట్టిన జనం ఆగి చూస్తున్నారు.

మైకు మళ్ళీ గరగరలాడింది.

"గంట నాలుక దొరికింది. వెతికి తీసింది మైలో హౌగెన్, మన ఊరి అబ్బాయి."

ఈసారి మోగడానికి గంట లేదు గనక, ఊరంతా చప్పట్లు కొట్టింది.