కాజాలు రాని మిషను

"మిషను కొంటున్నావు కదా, ఇంక నా ప్యాంట్ల సంగతి తేలిపోయినట్టే" అన్నారు మావారు, అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ. మంచం మీద నాలుగు కొత్త ప్యాంట్లు మడత విప్పకుండా పడి ఉన్నాయి. ఆయన కాళ్ళేమీ పొట్టి కాదు, కొలత చూసి కొనే ఓపిక లేదంతే. కత్తిరించి మడిచి కుట్టే మనిషి ఇంట్లోనే ఉంటే ఎవరికి మాత్రం ఓపిక పుడుతుంది? దుప్పటి దులుపుతూ "నేను కొంటున్నది బొంతలు కుట్టుకోడానికండీ" అన్నాను. "బొంతలూ కుట్టుకో, ఎవరొద్దన్నారు? ఇవెంతా, పది నిమిషాల పని" అన్నారు.

ఈ పది నిమిషాల పని అనే మాట మా ఇంట్లో ఎవరు మొదలుపెట్టారో గానీ, బతికున్నన్నాళ్ళూ మా అత్తగారూ అదే అనేవారు. కర్టెన్ల అంచులు పది నిమిషాల పని. ఆడపడుచు పిల్లల యూనిఫారాలు పది నిమిషాల పని. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ సంచీకి తెగిన జిప్పు, వాళ్ళు కాఫీ తాగి లేచేలోపు అయిపోయే పని. ఈ పది నిమిషాలన్నీ పోగేస్తే ఒక మనిషి వయసంతా అందులోనే పోయిందని ఎవరికీ తట్టలేదు, నా మట్టిబుర్రకీ తట్టలేదు. నేను బొంత మాటెత్తితే మాత్రం "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకోవే, నేనేమన్నా వద్దన్నానా" అనేవారు అత్తగారు. నిజమే, ఆవిడ ఏనాడూ వద్దనలేదు. మా ఇంట్లో ఎవరూ దేన్నీ వద్దనరు, వచ్చిన చిక్కంతా అదే. వద్దంటే పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, నాలుగు రోజులు మూతి ముడుచుకుని కూర్చోవచ్చు. "ఖాళీగా ఉన్నప్పుడు" అంటే ఎవరి మీద అలగను?

బొంత అనగానే పాత గుడ్డలు దొంతరగా పేర్చి దబ్బనంతో కుట్టేది అనుకుంటారేమో. నా మనసులో ఉన్నది వేరు. అన్నీ నీలాలే. ఆకాశం రంగు, సిరా రంగు, నెమలి మెడ రంగు, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా రంగు. ముక్కోణాలుగా కత్తిరించి, ముదురు నీలం అంచుల్లో మొదలుపెట్టి, మధ్యకి వచ్చేసరికి తెల్లవారుతున్నట్టు పలచబడాలి. ఎవరి గౌనుకో జిప్పు కొనడానికి బట్టల కొట్టుకి వెళ్ళినప్పుడల్లా పావు మీటరు నీలం ముక్క ఒకటి తెచ్చి మంచం కింద పెట్టెలో దాచేదాన్ని. తప్పు చేసినట్టు సంచీ అడుగున పెట్టి తెచ్చేదాన్ని, నా జీతంతో నేను కొనుక్కున్న గుడ్డని! పెట్టె నిండిపోయింది. ఈలోపు కుడిచేతి బొటనవేలి కీలు అరిగిందని డాక్టరు చెప్పింది. "ఎన్నాళ్ళు పనిచేస్తుంది?" అనడిగితే, "వాడకాన్ని బట్టి" అంది. ఆ మాట విన్నాకే నాకు భయం పట్టుకుంది. ఆ వేలు ఉన్న కాస్త సత్తువా మావారి ప్యాంట్లకీ, స్కూలు డ్రెస్సులకీ పోతే, నేను నాకోసమంటూ ఒక్కటి కుట్టుకోకుండానే పోతాను.

స్కూలంటే నేను చదువు చెప్పే స్కూలు కాదు, ఆఫీసులో గుమస్తాగా పనిచేసే స్కూలు. నాకు కుట్టు వచ్చని ఏ క్షణాన తెలిసిందో, ఏటా వార్షికోత్సవం వచ్చేసరికి దేవకన్యల రెక్కలూ, రాజుల అంగరఖాలూ, స్టేజి కర్టెనూ అన్నీ నా నెత్తినే. హెడ్ మేడమ్ ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి మరీ అప్పగిస్తుంది. పోయిన ఏడు వందన సమర్పణలో మైకు పెట్టినవాడికి చెప్పారు, కుర్చీలు పంపినవాడికి చెప్పారు, వాన పడనందుకు మేఘాలకి కూడా చెప్పారు. నేను తెర వెనక నేలమీద కూర్చుని ఒక రాజుగారి తెగిపోయిన గుండీ కుడుతున్నాను.

పెళ్ళైన కొత్తలో మావారు కొనిచ్చిన మిషను ఇన్నాళ్ళకి మొరాయించింది. అప్పట్లో "మా ఆవిడకి మిషను కొనిచ్చాను" అని ఊరంతా చెప్పుకున్నారు పాపం. పుట్టినరోజుకి చీపురు కొనిచ్చినట్టని అప్పుడు నాకు అనిపించలేదు, మురిసిపోయాను కూడా. రిపేరువాడు లోపలంతా చూసి, "దీని పనైపోయిందమ్మా, చాలా చాకిరీ చేసింది" అన్నాడు. మిషనుకైనా ఆ మాట దక్కింది. సరే, కొత్తది నా డబ్బుతో, నా బొంత కోసం కొనాలనుకున్నాను. "మరీ ఖరీదుది ఎందుకు, మరీ చవకది నిలవదు, మధ్యరకం చూసుకో" అన్నారు మావారు. కొట్టుకి తనూ వస్తానన్నారు.

నేను సంచీలో ఒక నమూనా తీసుకెళ్ళాను. పైన నీలం ముక్కల అతుకు, మధ్యలో పలచటి దూది పొర, కింద అస్తరు గుడ్డ. బొంత కుట్టే మిషను ఈ మూడు పొరల్నీ జరగనివ్వకుండా పట్టి నడవాలి. సూదికీ మిషను మొండేనికీ మధ్య ఖాళీ ఎక్కువుండాలి, చుట్టచుట్టిన బొంత అంతా అందులోంచే దూరాలి మరి. కొట్టతను ఇదంతా విని, మావారి వైపు తిరిగి "సార్, మధ్యరకంలో రెండున్నాయి సార్, ఇంచుమించు ఒకటే ధర" అన్నాడు. అడిగింది నేను, జవాబు ఆయనకి.

మొదటిది తెల్లగా, ముద్దుగా ఉంది. అరవై రకాల కుట్లు, కాజాలు దానంతటదే వేస్తుంది, గుడ్డని నొక్కిపట్టే పాదం జిప్పుకి వేరే ఉంది, అంచు పోగులు రాకుండా జిగ్‌జాగు. నా నమూనా పెడితే కుట్టింది గానీ, పై గుడ్డ ముందుకి తోసుకొచ్చి ముడతలు పడింది. ఖాళీ చూస్తే జానెడు కూడా లేదు. రెండోది మూల పడి ఉంది. ఇనుప ఒళ్ళు, బరువు, అందం లేదు. "ఇది తిన్నటి కుట్టు ఒక్కటే వేస్తుంది సార్. కాజాలు రావు, జిగ్‌జాగు రాదు. బొంతలవాళ్ళు తప్ప ఎవరూ అడగరు" అన్నాడు. కూర్చుని పెడలు మీద కాలు పెట్టాను. మూడు పొరలూ ఒకటే గుడ్డయినట్టు సాఫీగా జారిపోయాయి. కుట్టు కుట్టుకీ సమానమైన ఎడం. మోకాలితో ఒక మీట నొక్కితే పాదం లేస్తుంది, బొటనవేలికి పనే లేదు. నా గుండె ఎంతలా కొట్టుకుందో చెప్తే నవ్వుతారు, ఈ వయసులో మిషను చూసి!

"ఏదో ఒకటి తేల్చు మరి" అన్నారు మావారు, ఫోనులోంచి తలెత్తి. "నీ మిషను, నీ ఇష్టం."

నేను లేచి, పైట సర్దుకుని, "ఆ తెల్లది ఇచ్చెయ్యండి. అన్నీ వస్తాయి కదా" అన్నాను.

ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఇది రాసుకోవడానికే నాకు సిగ్గుగా ఉంది. కళ్ళెర్రజేసినవాళ్ళు లేరు, ఒక్క మాటన్నవాళ్ళు లేరు. నా నోరే, అలవాటు పడిన నోరు, నన్నడగకుండా ఆ మాట అనేసింది. వంటింట్లో అందరి పళ్ళేలూ సర్దాక అడుగున మిగిలింది నా పళ్ళెంలోకి వంపుకునే చెయ్యి లాంటిదే అది కూడా. ఇంటికొస్తూ కారు కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. "మంచిదే తీసుకున్నావులే, అన్నిటికీ పనికొస్తుంది" అన్నారాయన, నన్ను మెచ్చుకుంటున్నాననుకుని.

ఆ సాయంత్రమే నాలుగు ప్యాంట్లూ కుట్టాను. మర్నాడు స్కూల్లో హెడ్ మేడమ్ "కొత్త మిషనట! కాజాలు కూడా వేస్తుందటగా! ఇంకేం, ఈసారి సైనికుల కోట్లు పెడదాం" అంది. ఎవరు చెప్పారో ఏమో, ఇలాంటి కబుర్లకి కాళ్ళుంటాయి. సైనికులు ఎంతమందని అడగడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. ఇంటికొచ్చి మంచం కింద పెట్టె లాగి, నీలాలన్నీ నేలమీద పరిచి, వాటి మధ్య కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి మొహం కడుక్కుని, మిషనుని అట్టపెట్టెలో సర్ది, ఆటో పిలిచాను.

"ఏమైంది మేడమ్, ప్రాబ్లమా?" అన్నాడు కొట్టతను. ఈసారి పక్కన సారు లేరు గనక నా వైపే చూశాడు.

"బ్రహ్మాండంగా ఉంది బాబూ. అన్నీ వస్తున్నాయి, అదే ప్రాబ్లం. వారంలోపు మార్చుకోవచ్చన్నారుగా, ఆ ఇనపది ఇవ్వండి."

"మేడమ్, దాంట్లో కాజాలు రావు. మళ్ళీ తర్వాత..."

"తెలుసు. రావనే తీసుకుంటున్నా."

ఇంట్లో యుద్ధమే అవుతుందనుకున్నాను. ఏమేమి అంటారో, నేనేమేమి అనాలో దారిపొడుగునా మనసులో వల్లె వేసుకుంటూ వచ్చాను. మావారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అదే డబ్బుకి తక్కువ పనిచేసేది తెచ్చుకున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని నవ్వి టీవీ పెట్టుకున్నారు. అంతే. వారం తిరక్కుండా ఆయన చొక్కాలకి కాజాలు సాగిపోయాయి. "దీంట్లో రాదండీ" అన్నాను. చొక్కాలు చంకన పెట్టుకుని సందు చివర దర్జీ దగ్గరికి వెళ్ళొచ్చారు. "పావుగంటలో కుట్టిచ్చాడోయ్. మనిషి మంచివాడు. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాడు, ముందే వెళ్ళాల్సింది, నీకూ శ్రమ తప్పేది" అన్నారు. స్కూల్లోనూ అంతే. "అయ్యో, కాజాలు రావా? పోన్లెండి, కోట్లు అద్దెకి దొరుకుతాయట" అంది హెడ్ మేడమ్, రెండు ముక్కల్లో. ఎవరికీ కోపం రాలేదు, ఎవరి పనీ ఆగలేదు. నేను లేకపోతే ఇల్లు కూలుతుందనుకుని గోడకి వీపు ఆనించి నిలబడ్డాను ఇన్నేళ్ళూ, పక్కకి జరిగి చూస్తే గోడ నిక్షేపంగా ఉంది. సంతోషించాల్సింది పోయి, నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది. పెళ్ళై ఈ ఊళ్ళోనే ఉంటుంది, బ్యాంకులో ఉద్యోగం. మిషను ముందు సగం అతికిన నీలం చూసి "అబ్బ, ఎంత బాగుందమ్మా" అని దాని మీద చెయ్యి రాసింది. ఆ తర్వాత కాస్త మొహమాటంగా సంచీ తెరిచి మూడు నైటీలు తీసింది. "మా అత్తగారివమ్మా. కింద కాస్త పైకి మడవాలిట. మీ అమ్మ కుట్టిస్తుందిగా అంది, సరేనన్నాను. అంచులే, పది నిమిషాల పని."

నా కూతురి నోట ఆ మాట! కాజా అయితే రాదనేదాన్ని, జిప్పయితే దాని పాదం లేదనేదాన్ని. అంచు మడిచి కుట్టడం తిన్నటి కుట్టు. ఈ మిషనుకి వచ్చిన విద్యల్లా అదొక్కటే. అబద్ధం చెప్పినా పిల్లకి తెలియదు. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడర్థమైంది, ఇన్ని రోజులుగా కాదన్నది మిషనే తప్ప నేను కాదని. నేను దాని వెనక దాక్కున్నాను.

"ఈ మిషనులో వస్తుందా అమ్మా?" అంది.

"వస్తుంది. చాలా బాగా వస్తుంది. కానీ నేను కుట్టనే."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల ముఖం మాడ్చుకుంటుందనుకున్నాను, "ఏంటమ్మా, ఈ మాత్రం దానికి" అంటుందనుకున్నాను. అది నైటీలు ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూసింది. నేను దానికి సూదిలో దారం ఎక్కించడం నేర్పాను, పాలు పొంగకుండా దించడం నేర్పాను, అత్తవారింట్లో ఎవరెప్పుడు లేస్తారో కనిపెట్టుకుని మసలుకోమని నేర్పాను. బొటనవేలు తప్ప తక్కినదంతా నా పోలికే.

"అలా అనొచ్చా, అమ్మా?" అంది, నిజంగా తెలియక అడుగుతున్నట్టు.

అనొచ్చని చెప్పడానికే నోరు తెరిచాను, ఏడుపొచ్చేసింది.