సున్నపు గోళీలు

సుల్తాన్‌బీ వంటింట్లో ఏ పని చేస్తున్నా ఫోను బియ్యం డబ్బా మీదే ఉంటుంది. సల్వాలోని ఆ అరబ్బు ఇంటి యజమానురాలికి, అంటే మామాకు, అది నచ్చదు. పొద్దున్నే డ్యూటీకి పోతూ కూతురు సమీరా చేసే ఫోను కోసం ఆ మాత్రం తిట్లు తినొచ్చులే అనుకునేది సుల్తాన్‌బీ. కూతురుండేది సబ్హాన్‌లో. కారెక్కితే అన్నం ఉడికేలోపు చేరే దూరం. అయినా ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకదు. తల్లీబిడ్డల బంధమంతా ఆ ఫోను మీదే నడిచేది.

ఆ ఫోను ఆగిపోయి వారం దాటింది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు.

సమీరా కెమిస్ట్రీ చదివింది. సబ్హాన్‌లో ఒక కంపెనీ షెడ్డులో సున్నపు గోళీలను పరీక్షించే పని. ఫ్యాక్టరీ పొగను వాటి మీదుగా పంపితే అందులోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని అవి సున్నపురాయిగా మారతాయట. బట్టీలో కాలిస్తే పీల్చుకున్నదంతా వదిలేసి మళ్ళీ సున్నమవుతాయి. వదిలిన గాలిని ట్యాంకులో బంధించి, అవే గోళీలను మళ్ళీ పొగకు పెడతారు. కాలేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. సమీరా తన చేత్తో కలిపి చేసిన గోళీలు ఎన్నాళ్ళు నిలబడతాయో చూస్తోంది.

ఇదంతా చెప్పినా సుల్తాన్‌బీ చెవిన పడ్డవి రెండే మాటలు, సున్నం, బట్టీ. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పీర్ల చావిడికి వెల్ల వేయడానికి కాగులో సున్నపు గడ్డలు వేసి నీళ్ళు పోశారు. కుతకుత ఉడికి చిందింది. అక్క జీనత్ కన్ను పోయింది. తరవాత సుల్తాన్‌బీ ఈ దేశంలో పరాయి పిల్లలకు పాలు కలుపుతుంటే, సమీరాను పెంచింది ఆ ఒంటికన్ను జీనతే.

అందుకే రోజూ అవే ప్రశ్నలు. అద్దాలు పెట్టుకున్నావా, బట్టీ పేలదు గదా, గాలి లీకైతే ఎటు పరిగెత్తాలి. సమీరా మొదట ఓపికగా చెప్పింది, తరవాత నవ్వింది, ఆ తరవాత ఊరికే వింటూ ఉండిపోయింది. ఒకనాడు ఫోన్లో రెండుసార్లు దగ్గింది. అంతే, సుల్తాన్‌బీ వెళ్ళి మామా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. మామా తమ్ముడికి ఆ కంపెనీలో పెద్దవాళ్ళు తెలుసు. ఇక్కడ దాన్ని వాస్తా అంటారు. తెలిసినవాళ్ళ చేత ఒక్క మాట చెప్పిస్తే కానిది ఉండదు. సమీరాను బట్టీ దగ్గర నుంచి తీసి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం వచ్చిందే ఆఖరి ఫోను.

“నా గోళీలు సగంలో ఉండాయమ్మా,” అంది సమీరా. గొంతులో కోపం కూడా లేదు. “ఇప్పుడు వాటిని ఇంకెవరో కాలుస్తాండారు. పెద్దమ్మ కన్ను పోయింది అద్దాల్లేక. నాకు అద్దాలుండాయి. ఈ దేశంలో నాదంటూ దొరికింది అదొక్కటే. అది గూడా నువ్వే తీపిస్తివి.”

“నీ మంచికే గదమ్మే.”

“నువ్వట్లనే అంటావులే,” అని పెట్టేసింది.

బిడ్డ ఇప్పుడు కుర్చీలో చల్లగా ఉంది, ఇక హాయిగా నిద్ర పట్టాలి. పట్టలేదు. వాషింగ్ మిషన్ పక్కనున్న తన గదిలో కళ్ళు మూస్తే సమీరా ఆఫీసు మెట్ల మీద జారిపడినట్టు, లిఫ్టులో ఇరుక్కుని తలుపు బాదుతున్నట్టు కనబడేది. ఫోను చేస్తే మోగి మోగి ఆగేది. పొద్దున్నే కూతురి గొంతు వినబడని ఆ ఇంట్లో తనను పేరుపెట్టి పిలిచేది పని చెప్పడానికే.

లిఫ్టు భయాన్ని ఆపుకోలేక ఇంటి డ్రైవరు అల్లాబకష్‌తో చెప్పుకుంది. రాయచోటి మనిషి, మాట దాచుకోడు. “కుర్చీ గూడా ఇరిగి పడతాదేమో అక్కా. మామాకు చెప్పి అది గూడా తీపిచ్చు,” అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. రెండు రోజులు ఏ పని చేస్తున్నా ఆ మాటే వినబడింది.

మూడోనాడు మామాకు టీ ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా అక్కడే నిలబడింది. బిడ్డను మళ్ళీ బట్టీ దగ్గరికే పంపించమని అడిగింది. మొన్న తియ్యమని ఏడ్చావు, ఇవాళ పెట్టమని ఏడుస్తున్నావు, మా తమ్ముడేమన్నా నీ నౌకరా అని మామా విసుక్కుంది. చివరికి ఫోను అందుకుంటూ, “ఇంతే, ఖలాస్. మళ్ళీ అడగొద్దు,” అంది.

ఇక ఏమైనా సరే, బిడ్డను బట్టీ దగ్గర నుంచి తియ్యమని మళ్ళీ అడగడానికి లేదు. సుల్తాన్‌బీకి భయమేసింది కూడా అందుకే.

శుక్రవారం పప్పు తాలింపు వేస్తుంటే సమీరా గొంతు రికార్డు చేసి పంపిన మెసేజి వచ్చింది. వెనక ఏదో హోరున మోగుతోంది.

“అమ్మా, బట్టీ కాడుండా. నా గోళీలు ఇంగా బాగనే పీలుస్తాండాయి. కొంచెం అలసినట్టుంటే ఆవిరి పట్టిస్తిమి, మళ్ళా తేరుకున్యాయి.”

సుల్తాన్‌బీ దాన్ని చెవికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ విన్నది. ఆ హోరులో దగ్గు ఉందేమోనని వెతికింది. తాలింపు మాడింది. తరవాత బటన్ నొక్కి, “అద్దాలు…” అని మొదలుపెట్టి, ఆపేసి, ఆ ముక్కను తుడిచేసింది.

మళ్ళీ నొక్కింది.

“ఆవిరి పడితే ఎట్ల తేరుకుంటాయి మే అవి? నిదానంగా చెప్పు, నాకు అర్థమయ్యేట్టు.”

పంపించి, ఫోనును బియ్యం డబ్బా మీద పెట్టి, మాడిన మూకుడు తోముతూ కూర్చుంది.